మన పంటను మనము పచ్చిగా తినగలమా?



గడచిన వేసవి సెలవులలో మా కుమార్తె బిడ్డలతో పట్టణమునుండి వచ్చి పది దినములు మా యింట నుండెను. ఒకనాటి ఉదయమున ఆరేండ్ల మనుమడు నావెంట టమాటా చేనికి వచ్చినాడు. ఎఱ్ఱగా పండిన కాయ నొకదానిని కోసి, చొక్కాకు తుడిచికొని, నోటి కెత్తబోయెను. నేను పరుగున పోయి వాని చేతిలోని కాయను లాగికొంటిని. "వద్దురా నాయనా, మొన్ననే మందు కొట్టినాము" అంటిని. వాడు నా మొగము వంక చూచి, "అయితే ఆ గంపలలోని కాయలు ఎవరికి తాతయ్యా?" అని అడిగెను. గట్టుమీద ఆరు గంపల కాయలు సంతకు పోవుటకు సిద్ధముగా నుండెను.

నేను వానికి జవాబు చెప్పలేదు. ఆ గంపలు ఆనాడు సంతకు పోయినవి. దానిని దాచుట వలన ప్రయోజనము లేదు. కాని పసివాడు వేసిన ప్రశ్న ఆనాటినుండి నన్ను విడువలేదు. దానిని మన సంఘ సభ్యుల ముందు పెట్టుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను చెప్పదలచిన విషయము పచ్చికూరల సలాడు, దానిపై పోసికొను పులుపు నూనెల రసము. ఇది విని కొందఱు నవ్వవచ్చును. ఋణములు, ఎరువులు, విత్తనములు, ధరవరలు ప్రకటింపవలసిన పత్రికలో పట్టణపు భోజనశాలల వంటకమున కేమి పని యని అడుగవచ్చును. పని కలదు. కూరగాయలను ఉడికించి, తాలింపు పెట్టి, కారము చల్లి తినునప్పుడు చేనిలో జరిగిన దేదియు మన కంటికి రాదు. పచ్చిగా తినవలసి వచ్చినప్పుడు మాత్రము, ఈ కాయపై ఏమి చల్లితిమి, ఎన్నడు చల్లితిమి, ఏ నీటితో కడిగితిమి అను ప్రశ్నలు వెంటనే పుట్టును. కావున సలాడు పళ్ళెము రైతునకు భోజనము మాత్రమే కాదు, పరీక్ష కూడ. ఆ పరీక్షలో మనము నెగ్గవలె ననియు, నెగ్గగల మనియు నా అభిప్రాయము.

ముందుగా ఆ వంటక మెట్టిదో చూతము. సలాడు అను మాటకు మూలము లాటిను భాషలో ఉప్పు అను అర్థముగల పదము. పచ్చి ఆకులకు ఉప్పు చేర్చి తినుట రోమకుల అలవాటు. దానిపై పోయు రసమును ఫ్రాన్సు దేశీయులు వినెగ్రెట్ అందురు. ద్రాక్షసారాయము పులిసినచో వచ్చు సిర్కాకు వారి భాషలో వినేగ్ర్, అనగా పుల్లని ద్రాక్షసారాయమని పేరు. దానినుండియే ఈ పేరు పుట్టినది. మూడు పాళ్ళు నూనె, ఒక పాలు సిర్కా, కొంచెము ఉప్పు, కొంచెము ఆవపిండి, కొంచెము మిరియపు పొడి. ఇంతకుమించి అందులో ఏమియు లేదు.

ఇంత స్వల్పమైన పదార్థము నేర్పుగా చేయువాని కెట్టి విలువ తెచ్చినదో బ్రియా-సవారెన్ అను ఫ్రెంచి రచయిత 1825లో ప్రకటించిన భోజన విషయక గ్రంథములో ఒక వృత్తాంతము చెప్పినాడు. ఫ్రెంచి విప్లవకాలమున దేశము విడిచి లండనునకు పోయిన దాల్బిన్యాక్ అను పెద్దమనిషికి చేతిలో ధనము లేదు. ఒకనాడు భోజనశాలలో పక్కబల్లవారు సలాడు కలిపి పెట్టుమని కోరగా కలిపి యిచ్చెను. ఆ రుచి నోటనోట వ్యాపించి, గొప్పవారి యిండ్లనుండి పిలుపులు వచ్చెను. తన సామాగ్రిని పెట్టెలో పెట్టుకొని బండిలో ఇంటింటికి పోయి సలాడు కలుపుచు, కొలదికాలములో 80,000 ఫ్రాంకులకు మించి కూడబెట్టి స్వదేశమునకు మరలెనట. ఆకులు పండించినవాని కేమి దక్కినదో ఆ గ్రంథకర్త చెప్పలేదు. కలిపినవాడు ధనవంతు డయ్యెను. ఈ కథలోని నీతి కూరగాయల రైతులకు కొత్తది కాదు.

ఈ వంటకము పరదేశీయమని తోసివేయువారికి ఒక మాట. మన ఆవకాయను తలంపునకు తెచ్చికొనుడు. అందులో నున్న వేమి? పులుపు, నూనె, ఉప్పు, ఆవపిండి. ఫ్రెంచివాని రసములో నున్నవియు ఆ నాలుగే. వాడు పులుపును సిర్కానుండి తెచ్చుకొనును. మనము మామిడికాయనుండి తెచ్చుకొందుము. వాడు పూటకు సరిపడ కలుపుకొనును; మనము సంవత్సరమునకు సరిపడ కలిపి జాడీ కెత్తుదుము. అంతియ భేదము. శ్రీరామనవమినాడు నానిన పెసరపప్పులో దోసకాయ ముక్కలు కలిపి వడపప్పు చేయుదుము. కన్నడ సీమలో దానినే తురిమిన కొబ్బరి, నిమ్మరసము చేర్చి కోసంబరి అందురు. పెరుగుపచ్చడులలో పచ్చి ముక్కలు వేయుట, పెరుగన్నములో పచ్చి ఉల్లిపాయ నంజుకొనుట మన యిండ్ల కెఱుకయే. కావున మనకు లేనిది అలవాటు కాదు. చేయవలసినది ఆ అలవాటును దినదినము భోజనములోనికి తెచ్చుటయే.

ఇక చేయు విధానము. ఐదుగురకు రెండు కీరదోసకాయలు, మూడు గట్టి టమాటాలు, రెండు క్యారెట్టులు, ఒక చిన్న ముల్లంగి, ఒక ఉల్లిపాయ, గుప్పెడు కొత్తిమీర చాలును. రసమునకు నువ్వులనూనెగాని వేరుసెనగనూనెగాని మూడు పెద్ద గరిటెడు చెంచాలు, నిమ్మరసము ఒక చెంచా, ఆవాలు అర చిన్న చెంచా, తగినంత ఉప్పు, మిరియపు పొడి, ఇష్టమున్నచో చిటికెడు బెల్లము. మన నాలుకకు పులుపు ప్రియము గనుక నూనె రెండు పాళ్ళకు తగ్గించినను దోషము లేదు.

దీనికి వరుస ముఖ్యము. ముందు ఆవాలను కొంచెము నీటితో నూరి పది నిమిషములు ఉంచవలయును. ఆవాల ఘాటు గింజలో సిద్ధముగా నుండదు. గింజ నలిగి నీరు తగిలినప్పుడే పుట్టును. మొదటనే పులుపు పోసినచో ఘాటు పూర్తిగా పుట్టకయే యాగిపోవును. పది నిమిషముల తరువాత నిమ్మరసము పోసి, అందులో ఉప్పు కరగించవలయును. ఉప్పు నూనెలో కరగదు గనుక నూనె తరువాత వేసిన ఉప్పు అడుగున నిలిచిపోవును. పిమ్మట నూనెను సన్నని ధారగా పోయుచు చిన్న కవ్వముతో చిలుకవలయును. నూనె, నీరు సహజముగా కలియవు. ఆవాల పొట్టులోని జిగురు నూనె బిందువులను చుట్టుకొని కొంతసేపు విడిపోకుండ నిలుపును. రసము చిక్కబడి తెల్లనై కనబడినచో కలిసినదని గుర్తు. విడిపోయినచో మరల చిలికిన చాలును.

ముక్కలను కడిగి, తడి లేకుండ శుభ్రమైన గుడ్డతో అద్దవలయును. తడి ముక్కలకు నూనె అంటదు. తరిగిన ఉల్లిపాయను ముందుగా కొంచెము నిమ్మరసములో నానవేసినచో దాని ఘాటు తగ్గును. కీరదోస ముక్కలకు ఉప్పు రాచి పది నిమిషము లుంచి, ఊరిన నీటిని వంచివేసినచో పళ్ళెము నీరుగారదు. ఉప్పు కూరగాయలోని నీటిని వెలికి లాగును గనుక, రసమును వడ్డించుటకు ముందు మాత్రమే కలుపవలయును. ఉదయము కలిపి మధ్యాహ్నమునకు పెట్టిన సలాడు వాడిన ఆకువలె నుండును. రసమును కూడ ఏ పూట కా పూట చేసికొనుట మేలు. వెల్లుల్లిపాయలను నూనెలో వేసి చాలదినములు బయట నిలువయుంచు వాడుక కొన్నిచోట్ల కలదు. గాలి తగులని ఆ నూనెలో ప్రాణాపాయకరమైన విషము పుట్టించు సూక్ష్మజీవి పెరుగ వచ్చును. కావున అట్లు చేయరాదు.

సిర్కా దొరకినచో నిమ్మరసమునకు బదులు వాడవచ్చును. తియ్యని రసము పులిసి మొదట సారాయమగును. ఆ సారాయము గాలి తగిలి మరల పులిసి సిర్కా యగును. ఈ రెండవ పులుపు సూక్ష్మజీవుల పని యని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1864లో నిరూపించెను. గోవాలో కొబ్బరికల్లు సిర్కా నేటికిని వంటలలో వాడుదురు. అంగడిలో కొనువారు సీసామీద సింథటిక్ అను మాట ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో అది పులియబెట్టినది కాదు, ఆమ్లమును నీటితో పలుచన చేసినది. గాఢమైన ఆమ్లమును కొనితెచ్చి ఇంటిలో పలుచన చేయుట ఎన్నడును తగదు. అది చర్మమును, గొంతును కాల్చును. గూడూరు, తెనాలి, నకిరేకల్లు ప్రాంతములలో నిమ్మ విరివిగా పండుచుండ, ధర పడిపోయినప్పుడు కోతకూలి రాక రైతులు దుఃఖించుచుండ, మనకు పులుపునకు కొదవ ఏమి?

ఆరోగ్య విషయమున అతిశయోక్తులు చెప్పను. సలాడు సర్వరోగ నివారిణి కాదు. నిజమైనంత చెప్పెదను. పెద్దవారు దినమునకు 400 గ్రాములకు తక్కువ గాకుండ కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరగాయలు పండించు మన యిండ్లలో అన్నము కుండెడు, కూర గరిటెడు అగుట మన మెఱుగనిది కాదు. నిమ్మ, టమాటా, కొత్తిమీరలలోని సి విటమిను వేడికి నశించును; ఉడికించిన నీటిలో కరగి పారబోసినప్పుడు పోవును. పచ్చిగా తిన్నచో దక్కును. ఆ విటమిను పప్పులలోను ధాన్యములలోను ఉన్న ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. రక్తహీనతతో బాధపడు స్త్రీలు మన పల్లెలలో పెక్కుమంది యున్నారు గనుక ఇది చిన్నమాట కాదు.

నూనె సంగతియు నట్టిదే. క్యారెట్టు, టమాటా, ఆకుకూరలలోని పసుపు ఎఱుపు రంగుల పోషకములు క్రొవ్వుతో కూడిననే శరీరమునకు పట్టును. 2004లో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు కొందఱకు నూనె లేని సలాడును, కొంచెము నూనెగల సలాడును, ఎక్కువ నూనెగల సలాడును పెట్టి రక్తమును పరీక్షించిరి. నూనె లేనప్పుడు ఆ పోషకములు రక్తములోనికి చేరుట దాదాపు కానరాలేదు. నూనె కొలది అవి హెచ్చినవి. కావున పచ్చి ముక్కలను వట్టిగా నములుటకన్న రసముతో తినుట మేలు. అయినను వండుట తప్పని నేను చెప్పుట లేదు. టమాటాలోని ఎఱ్ఱని పదార్థము ఉడికినప్పుడే ఎక్కువగా ఒంటబట్టును. తోటకూర, పాలకూర వండుకొని తినుటయే మంచిది. కూర యుండవలె, పప్పు యుండవలె. వాటి ప్రక్కన ఒక పళ్ళెము పచ్చిదియు నుండవలె నని మాత్రమే నా మాట.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. పచ్చిది తినదగినదిగా నుండవలెనన్న మూడు దోషములు తొలగవలయును. అవి మందు, నీరు, చేయి.

మొదటిది మందు. ప్రతి మందు సీసామీదను, లోని కాగితముమీదను, చల్లిన పిమ్మట ఎన్ని దినములు కోత ఆపవలెనో వ్రాసియుండును. మనలో ఎందఱు దానిని చదివితిమి? సీసామీద త్రికోణపు గుర్తు ఎఱుపో, పసుపో, నీలమో, పచ్చయో యుండును. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టమునుబట్టి 1971లో చేసిన నియమములలో ఈ గుర్తు ఏర్పడినది. ఎఱుపు అత్యంత విషము, పచ్చ స్వల్ప విషము. కాని ఆ రంగు విషపు తీవ్రతను తెలుపునే గాని, ఆగవలసిన దినములను తెలుపదు. పచ్చ గుర్తు చూచి మఱునాడే కోయువాడు పొరపడినవాడు. కొన్ని మందులు కాయపైన మాత్రమే నిలుచును. కడిగిన కొంత పోవును. కొన్ని మొక్క రసములో ప్రవేశించి కాయ లోపలికి చేరును. వాటిని ఏ నీరును, ఏ ఉప్పును, ఏ సిర్కాయు కడిగివేయజాలదు. అట్టివానికి కాలమే కడుగు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ప్రత్తికని కొన్న మందు మిగిలెనని కూరతోటపై చల్లువారు మనలో లేరా? గుండెపై చేయి వేసికొని చెప్పుడు.

మందు లేకుండ కాయ దక్కదందురు. ఆ బాధ నాకును తెలియును. కాయతొలుచు పురుగు పడిన చేను చూచినవాడు నీతులు వినలేడు. అయినను మార్గములు లేకపోలేదు. టమాటా 16 వరుసలకు ఒక వరుస బంతి నాటినచో పురుగు తల్లి బంతిపూలపై గ్రుడ్లు పెట్టును. నాటునాటికి బంతినారు 40 దినములది, టమాటానారు 25 దినములది అయినచో రెండును ఒకే కాలమున పూతకు వచ్చును. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు తెలిపిన పద్ధతి యిది. 5 కిలోల వేపగింజల పప్పును దంచి, రాత్రి నీట నానబెట్టి, వడగట్టి, 100 లీటరులకు నీరు చేర్చి సాయంకాలమున చల్లవచ్చును. లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు రాకను ముందుగా కనిపెట్టవచ్చును. ఇవి చేసినను తప్పనిసరియై మందు చల్లినచో, ఆగవలసినన్ని దినములు ఆగవలయును. నేను కోరునది మందును మానుమని కాదు, దినములను లెక్కింపుమని.

రెండవది నీరు. మురుగు కలిసిన నీటితో పెరిగిన ఆకును పచ్చిగా తినరాదు. హైదరాబాదునకు దిగువను మూసీనది మురుగునీటితో ఆకుకూరలు, పశుగ్రాసము పండించుట ఎల్లవారు నెఱిగినదే. అక్కడి రైతు దోషి కాడు. నగరము వాని కిచ్చిన నీరే అది. కాని అట్టి పంట పచ్చిపళ్ళెములోనికి పనికిరాదు. మన యూళ్ళలో కాలువగట్టున బహిర్భూమికి పోవుట, ఆ కాలువలోనే ముల్లంగి, క్యారెట్టు, కొత్తిమీర కట్టలు జాడించి గంపల కెత్తుట ఒకేచోట జరుగుచుండిన, ఏలికపాముల గ్రుడ్లు, బద్దెపురుగు గ్రుడ్లు ఆకునంటి ఇంటికి వచ్చును. నిమ్మరసముగాని సిర్కాగాని వానిని చంపునని నమ్మరాదు. బోరునీటిలోగాని, మంచినీటి కొళాయి క్రిందగాని, పాఱు నీటిలో రుద్ది కడుగవలయును.

మూడవది చేయి. కడుగని చేతితో, చేపలు కోసిన కత్తితో, మాంసము తరిగిన పీటమీద పచ్చికూర తరుగరాదు. వండినచో నిప్పు మన తప్పులను కొంత కాపాడును. పచ్చిదానికి నిప్పు తోడు లేదు. మన శుభ్రతయే దానికి నిప్పు.

నూనె విషయమున కూడ ఒక జాగ్రత్త. గానుగనూనె మంచిదని పట్టణములలో నేడు గిరాకి హెచ్చినది, సంతోషమే. కాని బూజుపట్టిన, ముడుచుకొనిన వేరుసెనగ గింజలలో అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. శుద్ధి చేయని నూనెలోనికి అది దిగవచ్చును. కావున గానుగకు పోయకముందు గింజలను ఏరుట మానరాదు. తడి కాయలను బస్తాల కెత్తుట మానవలయును.

ఈ మాటలకు నాకు వచ్చు ఆక్షేపణలు నాకు తెలియును. "కొనువాడు మచ్చలేని కాయనే కోరును. పుచ్చు కనబడిన గంపను దళారి తన్నివేయును. మందు చల్లినది మేమైనను చల్లించినది వాడు" అని కొందఱు చెప్పుదురు. ఇందులో సత్యము కలదు. దానిని నేను కాదనను. 2023 జూలై మాసములో టమాటా కిలో నూరు రూపాయలకు మించి అమ్ముడుపోయినది. ఇతర సంవత్సరములలో మదనపల్లె మొదలగు విపణులలో ధర లేక రైతులు పంటను రోడ్డుపై పారబోసినారు. ఇట్టి జూదములో నున్నవాడు ధర ఉన్న నాలుగు దినములలో కోయక, ఏడు దినము లాగుమన్న ఎట్లు ఆగును? ఒంటరిగా నున్నవాడు ఆగలేడు. ఇందుకే నేను ఈ ప్రశ్నను వ్యక్తులముందు గాక సంఘముముందు పెట్టుచున్నాను. ఒక్కడు ఆగిన వానికి నష్టము. నూరుగురు వంతులవారిగా కోతలు ఏర్పరచుకొనిన నష్టము పంచుకొనబడును, పేరు సంపాదింపబడును.

సంఘమునకు అట్టి శక్తి లేదని నేను నమ్మను. 1956లో ముల్కనూరున స్థాపింపబడిన సహకార సంఘము అప్పు లిచ్చుటతో నాగక, విత్తన శుద్ధివఱకు, విక్రయమువఱకు పని పెంచుకొని నిలిచినది. 1999 జనవరి 26న రైతుబజారులు తెరువబడినప్పుడు దళారి లేకుండ రైతు వినియోగదారుని ముఖము చూచి అమ్మవచ్చునని తేలినది. ముఖము చూచి అమ్మినప్పుడు, "ఇది మా యింట పచ్చిగా తిన్నదే" అని చెప్పగలిగిన రైతునకు మచ్చగల కాయ కూడ అమ్ముడుపోవును. చెప్పలేనివాడు తల వంచుకొని ధర చెప్పవలసినదే.

మఱికొందఱు, "పచ్చి ఆకులు మేకల మేత, మనకు వలదు" అందురు. వారితో నాకు తగవు లేదు. నచ్చనివారు తినవలదు. కాని తినుటకు ఇష్టము లేకపోవుట వేఱు, తినుటకు భయపడుట వేఱు. మొదటిది రుచి సంగతి. రెండవది మన వృత్తి సంగతి.

కావున సంఘ పాలకవర్గమువారి ఆలోచనకై నాలుగు సూచనలు చేయుచున్నాను.

ఒకటి: కూరగాయలు పండించు ప్రతి సభ్యుడును ఒక మందుల పుస్తకము నుంచవలయును. చల్లిన తేది, మందు పేరు, పరిమాణము, ఆగవలసిన దినములు, కోతకు తగిన తేది అందులో వ్రాయవలయును. వ్రాయలేనివారికి ఇంటిలోని బడిపిల్లలు వ్రాసిపెట్టుదురు. అట్లు వ్రాయుటవలన పిల్లలకు తెలిసిన మేలు కూడ కలుగును.

రెండు: సంఘపు దుకాణమున మందు అమ్మునప్పుడు, ఆగవలసిన దినముల సంఖ్యను గుమాస్తా నోటితో చెప్పి, రసీదుమీద ఎఱ్ఱసిరాతో వ్రాసి యివ్వవలయును. కూరగాయలకు తగనిదానిని కూరగాయల కని అడుగువానికి అమ్మరాదు.

మూడు: సంఘపు గిడ్డంగి ప్రక్కన బోరునీటితో ఒక కడుగుతొట్టి కట్టింపవలయును. కాలువలో జాడించుట మానవలయును. సాధ్యమైనచో నువ్వులు, వేరుసెనగ ఆడించుటకు ఒక గానుగ ఏర్పాటుచేయవలయును. ధర పడిపోయిన నిమ్మకు, మన గానుగనూనెకు, మన ఆవాలకు కూడిక ఒక సీసా రసము. దానిని చట్టప్రకారము అనుమతి పొంది అమ్ము యోచన తరువాత చేయవచ్చును; ముందు మన యిండ్లలో మనము రుచి చూతము.

నాలుగు: రాబోవు సర్వసభ్య సమావేశమున భోజనములో ఒక సలాడు పళ్ళె ముండవలయును. అందులోని ప్రతి కాయయు సభ్యుల చేలనుండియే రావలయును. తెచ్చినవాని పేరు, చేను, చివరిసారి మందు చల్లిన తేది పలకమీద వ్రాయవలయును. మొదటి ముక్కను తెచ్చినవాడే తినవలయును. ఇది ఎవరిని అవమానపఱచుటకు గాదు. ఎవరును తేకపోయినచో ఆ ఖాళీ పళ్ళెమునే సభలో పెట్టుడు. అదియు మనకు ఒక నివేదికయే.

నా మట్టుకు నేను ఇప్పటికే మొదలుపెట్టితిని. ఇంటి పెరటిలో రెండు మళ్ళు మందు లేకుండ పెంచుచున్నాను. పురుగు తిన్నది తినగా మిగిలినది మా యింటికి చాలుచున్నది. చేనిలో మాత్రము మందు పూర్తిగా మానలేకపోయితిని. కాని గోడమీద తేదులు వ్రాసి, దినములు లెక్కించి కోయుచున్నాను. ఈ పంటకాలములో అందువలన రెండు సంతలు తప్పినవి, కొంత నష్టమైనది. ఇంటివారు గొణిగిరి. నేనును గొణిగితిని.

దసరా సెలవులకు మనుమడు మరల వచ్చును. వాడు చేనిలోనికి దిగి కాయ కోసినప్పుడు నేను పరుగెత్తవలసిన పని లేకుండ నుండవలెనని నా కోరిక. ప్రతి యూరిలో అట్టి మనుమ లున్నారు. గంపలు పోవు ప్రతి పట్టణములోను ఉన్నారు. వారు మన బిడ్డలు గాకపోవచ్చును. కాని మన కాయలు తినుచున్నవారు వారే.

సభ్యులు తమ అభిప్రాయములను, అనుకూలమైనను ప్రతికూలమైనను, సంఘ కార్యాలయమునకు తెలుప ప్రార్థన.

ఇట్లు,
ఒక సభ్యుడు